అంచు దాటిన ఆఖరి కాలమ్

ఇప్పుడు ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో కూర్చుని ప్రోగ్రాములు రాస్తున్న పిల్లలకు నేను కొత్తగా నేర్పగలిగింది ఏమీ లేదు. మీకు తెలిసినదాంట్లో పావు వంతు కూడా నాకు తెలియదు. టైపిస్టుగా ఉద్యోగంలో చేరాను. యాభై దగ్గర పడుతుండగా కోడ్ రాయడం నేర్చుకున్నాను. రిటైరై రెండేళ్లయింది. అయినా ఒక సంగతి మీకు చెప్పాలనిపిస్తోంది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చాలా తప్పులు చేశాను, వాటిలో ఎక్కువ మరిచిపోయాను. ఇది మాత్రం తప్పని తెలియక, మంచి పని చేశానని రెండు వారాలు మురిసిపోయిన వ్యవహారం.

మాది గర్భిణులను చూసే ఒక ధర్మాసుపత్రి. పెద్దది నాగర్‌కర్నూల్‌లో, చిన్న శాఖలు వనపర్తిలో, గద్వాలలో. పల్లెల్లో మా నర్సులుండేవారు, ఒక్కొక్కరికి అయిదారు ఊళ్లు. నెలకోసారి వాళ్లు తమ ఊళ్ల గర్భిణులను ఆసుపత్రికి తీసుకొచ్చేవారు. డాక్టరమ్మ అందరినీ చూసేది. రక్తం, మూత్రం తీసుకునేవారు. సాయంత్రానికి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయేవారు. పరీక్షల ఫలితాలు మూడోనాటికి గాని వచ్చేవి కావు. అవి చూసుకుని డాక్టరమ్మ ఒక పట్టిక తయారుచేసేది. పేరు, ఊరు, ఎన్నో నెల, రక్తం ఎంత, బీపీ ఎంత, మళ్లీ రావాల్సిన తేదీ. అన్నిటికన్నా చివర, కుడివైపు, ‘జాగ్రత్త’ అని ఒక కాలమ్. చాలామందికి అది ఖాళీగానే ఉండేది. అందులో ఏదైనా రాసి ఉందంటే మాత్రం ఆ మనిషిని వెంటనే తీసుకురమ్మని అర్థం. ఇంటికి వెళ్లిపోయిన మనిషికి ఆ మాట చేరే దారి నర్సు చేతిలోని ఆ పట్టిక ఒక్కటే.

మొదట్లో ఆ పట్టికలు మామూలుగానే ఫోన్లకు పంపేవాళ్లం. ఒకసారి ఒక పట్టిక ఎలాగో ఊరి వాట్సాప్ గ్రూపులో పడింది. అందులో ఒకామె జబ్బు పేరు ఊరంతటికీ తెలిసిపోయింది. ఆమె పుట్టింటికి పోయింది, మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ తర్వాత పట్టికలన్నిటికీ పాస్‌వర్డ్ పెట్టి, మీరు ఎన్‌క్రిప్ట్ చేయడం అంటారు కదా, అలా తాళం వేసి పంపాలని నిర్ణయించారు. డాక్టరమ్మ, ఆ ఊరి నర్సు తప్ప మూడో మనిషి ఆ వివరాలు చూడకూడదు. ఆ ప్రోగ్రాము నేను రాశాను. అది డాక్టరమ్మ పట్టికను ఊళ్లవారీగా విడదీసి, ఏ నర్సు పేజీలు ఆ నర్సుకు తాళం వేసి పంపించేది. నేను కూడా మూడో మనిషినే కాబట్టి ఒక్క పేజీ కూడా తెరిచి చూసేదాన్ని కాదు. అందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మొదటి నెలే చిక్కు వచ్చింది. అచ్చంపేట అవతలి ఊళ్లు చూసే నర్సమ్మ ఫోన్ చేసింది. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది, నవ్వించే మనిషి.

“మేడం, మీరు పంపిన లిస్టు అడ్డం వడ్డది. ఫోను అడ్డం దిప్పితే అది మల్ల ఇంకో దిక్కు తిరుగుతున్నది. మెడ వంకర వెట్టి సదువుతున్న.”

నవ్వాను గాని లోపల చిన్నతనమనిపించింది. టైపు మిషను మీద పనిచేసిన మనిషికి కాగితం వంకరగా పోవడం కన్నా అవమానం లేదు. రెండు రోజులు దాంతోనే కుస్తీ పట్టాను. తాళం వేయని పేజీ తిన్నగా తెరుచుకుంటోంది, వేసింది అడ్డం పడుతోంది. కాబట్టి తప్పు తాళానిదే అనుకున్నాను. పాస్‌వర్డ్ మార్చాను, తాళం వేసే పద్ధతి మార్చాను. ఏమీ మారలేదు. చివరికి అర్థమైందేమిటంటే, తాళానికీ దీనికీ సంబంధమే లేదు. తాళం వేయడానికి ముందు నా ప్రోగ్రాము ఒక్కో పేజీనీ తీసి కొత్త ఖాళీ పేజీ మీద పెడుతోంది. అసలు పేజీ లోపల ‘నన్ను పక్కకు తిప్పి చూపించు’ అని ఒక చిన్న గుర్తు ఉంది. నా ప్రోగ్రాము పేజీని తెచ్చింది, ఆ గుర్తును అక్కడే వదిలేసింది. అంతే.

సరే, ఆ తిప్పడమేదో నేనే తిప్పుతానని, రాతను తిన్నగా తిప్పి ఖాళీ పేజీ మీద పెట్టేలా కోడ్ మార్చాను. పరీక్షించడానికి నిజమైన పట్టిక తెరవకూడదు కదా, అందుకని నేనే ఒక దొంగ పట్టిక తయారుచేసుకున్నాను. నా పేరు, మా చెల్లెళ్ల పేర్లు, నాలుగు కాలమ్‌లు. తాళం వేసి, తీసి చూశాను. పేజీ నిటారుగా వచ్చింది. తర్వాతి నెల పట్టికలు అలాగే పంపాను. నర్సమ్మ మళ్లీ ఫోన్ చేసి, “ఇప్పుడు మంచిగొచ్చింది మేడం, మెడనొప్పి వోయింది” అంది. మా ఆఫీసులో అందరికీ ఈ మాట చెప్పుకున్నాను. వనపర్తి శాఖలో కంప్యూటర్ చూసే అతనికి కూడా ఇదే చిక్కు వచ్చిందట. నన్ను అక్కా అని పిలిచేవాడు. అడిగితే నా ప్రోగ్రాము పంపాను. గద్వాలకు అతను పంపాడు. అలా మూడు చోట్లా నా పేజీలే వెళ్లాయి.

ఆ ఖాళీ పేజీ నిలువు పేజీ అని, పట్టిక అడ్డం పేజీకి సరిపడా వెడల్పుందని నాకు తట్టలేదు. నా దొంగ పట్టికకు నాలుగే కాలమ్‌లు. అది ఎలా పెట్టినా పట్టింది.

పన్నెండు రోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున నేను ఆఫీసుకు వచ్చేసరికి ఆసుపత్రి వరండాలో గుంపు ఉంది. అచ్చంపేట అవతలి ఊరి నుంచి ఆటోలో ఒకామెను తెచ్చారు. ఎనిమిదో నెల. తెల్లవారుతూనే ఫిట్స్ వచ్చాయట. లోపల ఆపరేషన్ జరిగింది. బిడ్డ కడుపులోనే చనిపోయింది. తల్లికి ఇంకా తెలివి రాలేదు. ఆమె అత్త వరండాలో గోడకు ఆనుకుని గుండెలు బాదుకుంటోంది. భర్త దూరంగా నిలబడ్డాడు. కౌలుకు పత్తి వేసుకునే రైతు. చెప్పులు లేవు, పరుగున ఆటో ఎక్కినట్టున్నాడు. ఆ ముసలామె ఏడుపులో మాటిమాటికీ వినబడుతున్నది ఒక్కటే. నెలనెలా వచ్చి పేర్లు రాసుకుపోయే నర్సు మాట చెప్పలేదని, నా కోడలి కడుపులో బిడ్డను చంపిందని.

కాసేపటికి నన్ను డాక్టరమ్మ గదికి పిలిచారు. మా ఆసుపత్రి మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నర్సమ్మ నిలబడి ఉంది. డాక్టరమ్మ కంప్యూటర్‌లో అసలు పట్టిక తెరిచి ఉంది. ఆటోలో తెచ్చిన ఆమె వరుసలో, చివరి కాలమ్‌లో, మూత్రంలో ప్రోటీన్ పోతోందని, మూడు రోజుల్లో చేర్చాలని స్పష్టంగా రాసి ఉంది. తన కాగితంలో అది లేదని నర్సమ్మ అంటోందట. పట్టిక నిజంగా పంపామా లేదా అని మేనేజరు నన్ను అడిగాడు.

పంపామని రుజువుతో సహా చెప్పాను. పంపిన రోజు చెప్పాను, గంట చెప్పాను. ఆ సాయంత్రమే ఆమె ఫోన్‌లో అది తెరుచుకున్నట్టు కూడా నా దగ్గర నమోదు ఉంది, అదీ చెప్పాను. నా గొంతు ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. పిల్లల తప్పు పట్టుకున్న పంతులమ్మ గొంతు. మేనేజరు నర్సమ్మ వైపు తిరిగి “విన్నవా?” అన్నాడు.

ఆమె ఏడవలేదు. సంచిలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసింది. డాక్టరమ్మ ముందు పెట్టలేదు, మేనేజరు ముందు పెట్టలేదు. నా చేతికిచ్చింది.

“జర సూడుర్రి మేడం. గీ కాయితంల ఏడున్నదో మీరే సూపియ్యుర్రి.”

నేను వేసిన తాళం తీసి ఆమె ప్రింటు తీసుకున్న పేజీ. అప్పటిదాకా నేను కళ్లతో చూడని పేజీ. పైన వరుసగా కాలమ్‌ల పేర్లు ఉన్నాయి. పేరు, ఊరు, నెల. చివరన ‘మళ్లీ రావాల్సిన తేదీ’. ఆ తేదీ అన్న మాటలో ‘దీ’ సగమే ఉంది. సగం అక్షరం, ఆపైన కాగితం అంచు. గీత లేదు, గడి లేదు, ఇంకేమీ లేదు.

ఆ సగం అక్షరం చూడగానే నాకు మొత్తం తెలిసిపోయింది. ఒక్క నిమిషం అని బయటికి వచ్చాను. వరండాలో ఆ అత్త ముందు నుంచే నా గదికి నడిచాను.

తాళం తీసి, పేజీని వెడల్పు చేసి చూశాను. ఆ కాలమ్ వచ్చింది. అది చెరిగిపోలేదు. ఆ ఫైలులోనే, ఆ తాళం వెనకే, పన్నెండు రోజులుగా ఉంది. కాగితం అంచుకు అవతల ఉంది, అంతే. డాక్టరమ్మ రాసిన ప్రతి అక్షరం అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. నిలబడి చూస్తూ ఉండిపోయాను.

ఇక్కడ మీకు ఒక సిగ్గుమాలిన సంగతి చెప్పాలి. అప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన ఆ తల్లి గురించి కాదు. సరిచేసిన పట్టికలు చడీచప్పుడు లేకుండా మళ్లీ పంపేస్తే ఎవరికీ తెలియదు కదా అని వచ్చింది. ఖాళీ పేజీకి పొడవూ వెడల్పూ తారుమారు చేస్తే చాలు, ఒక్క వరుస కోడ్. నర్సమ్మకున్న రుజువు ఒక్క కాగితం, అదీ నా చేతిలోనే ఉంది. తప్పు ప్రింటరు మీదకు నెట్టేయవచ్చు. ఎంతసేపు అలా అనుకున్నానో తెలియదు. బహుశా కొన్ని క్షణాలే. కాని అనుకున్నాను.

ఆ ఆలోచన తెంచింది నా మంచితనం కాదు, ఆ కాలమ్‌లోని రాతే. మిగతా నర్సుల పేజీలు కూడా తెరిచి కిందికి పోతుంటే అదే కాలమ్‌లో ఇంకో మూడు వరుసల్లో రాత కనబడింది. ఇంకో ముగ్గురు. వాళ్ల నర్సులకూ ఈ అక్షరాలు చేరలేదు. ఆపైన వనపర్తి, గద్వాల గుర్తొచ్చాయి.

మళ్లీ ఆ గదికి ఎలా వెళ్లానో గుర్తు లేదు. తలుపు దగ్గరే నిలబడి చెప్పాను. తప్పు నర్సమ్మది కాదు, ఆమె కాగితంలో ఆ మాట నిజంగానే లేదు, నా ప్రోగ్రాము ఆఖరి కాలమ్‌ను పేజీ బయటికి తోసేసింది, ఇంకా ముగ్గురున్నారు. డాక్టరమ్మ ఎందుకని అడగలేదు, ఎలా అని అడగలేదు.

“పేర్లు చెప్పండి,” అంది.

చెప్పాను. నర్సమ్మ అప్పటికే ఫోన్ తీసింది. రెండు నిమిషాల కిందట దోషిలా నిలబడిన మనిషి, నా వైపు ఒక్క చూపు కూడా చూడకుండా, ఆ ఊళ్ల నర్సులకు వరుసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టింది.

వనపర్తికి నేను చేశాను. అతను చివరిదాకా విన్నాడు.

“అక్కా, గద్వాలోల్లకు నేనే ఇచ్చిన గద,” అన్నాడు.

అక్కడ ఇద్దరు తేలారు, గద్వాలలో ఇద్దరు. మా ముగ్గురితో కలిపి మొత్తం ఏడుగురు. ఒకామె చేనులో దొరికింది, ఒకామె పెళ్లింట్లో దొరికింది. ఒక్కొక్కరిని ఏ బండి దొరికితే ఆ బండిలో తెప్పించాం. మధ్యాహ్నానికి ఆరుగురు ఏదో ఒక ఆసుపత్రిలో ఉన్నారు. ఏడో ఆమెది వడ్డేపల్లి దగ్గరి ఊరు, గద్వాల పట్టికలో ఉంది. ఇంటికి వెళ్తే పుట్టింటికి పోయిందన్నారు. పుట్టిల్లు అమరచింత. ఫోన్ స్విచ్చాఫ్. వనపర్తి నుంచి నన్ను అక్కా అనే అతనే ఒక నర్సును వెనక కూర్చోబెట్టుకుని మోటార్‌సైకిల్ మీద బయల్దేరాడు. అతను కంప్యూటర్ చూసుకునే మనిషి, అది అతని పని కాదు. ఇంకొకరిని పంపమంటే వినలేదు.

ఆ రెండు గంటలు నేను ఫోన్‌ను బల్ల మీద పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎవరో టీ తెచ్చి పెట్టారు, చల్లారిపోయింది. ఫోన్ మోగగానే ఎత్తాను.

“దొరికిందక్కా. ఇంటి ముంగట కూసోని పల్లికాయ ఒలుస్తున్నది. పొద్దట్నించి కండ్లు మసకలైతున్నయంట. ఎండకని అనుకున్నరంట.”

కళ్లు మసకలవడం అంటే ఏమిటో డాక్టరమ్మను అడిగాను. ఫిట్స్ రాబోయే ముందు అలా అవుతుందని చెప్పింది. ఎంత ముందు అని అడిగాను. అప్పటికే ఆమె వనపర్తికి ఫోన్ కలుపుతోంది. ఆ అమరచింత ఆమెకు ఆ సాయంత్రమే వనపర్తిలో ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా దక్కారు. ఆ మాట విన్నాక కూడా నాకు సంతోషం రాలేదు. అదే కాలమ్‌లో ఒక వరుసలో బిడ్డ దక్కింది, ఒక వరుసలో దక్కలేదు. అదే ఆలోచన తిరుగుతూ ఉండిపోయింది.

ఇక్కడి ఆమెకు మధ్యాహ్నం దాటాక తెలివి వచ్చింది. భర్తకు నేనే చెబుతానన్నాను. ఇప్పుడెందుకు, విచారణలో చూసుకుందామని మేనేజరు అన్నాడు. మంచి మనిషే, నా మీద జాలితోనే అన్నాడు. నేను వెళ్లాను. బండ్ల షెడ్డు కింద ఒక్కడే కూర్చున్నాడు. పక్కన నేలమీద కూర్చుని మొదలుపెట్టాను. పేజీ అడ్డం, నిలువు, తాళం, అంచు. రెండు రోజులు కష్టపడి నేను అర్థం చేసుకున్న సంగతి ఆ మనిషికి ఎలా చెప్పాలో తెలియక తడబడుతున్నాను. అతను ఓపికగా విన్నాడు.

“అంటే డాక్టరమ్మ రాసింది,” అన్నాడు.

“రాసింది.”

“రాసింది గని నర్సమ్మకు కనవడలే. గంతేనా?”

“అంతే. నా వల్లే కనబడలేదు.”

నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“మరి పొద్దట్నించి మా అమ్మ ఆమెను తిట్టవట్టె. నర్సమ్మే సంపిందని నేను గూడ ఊళ్లెకు ఫోన్లు జేసి చెప్పిన. గిట్ల ఊరంత నమ్మింది,” అన్నాడు. తర్వాత తల ఎత్తి, “మీరొచ్చి చెప్తరా మేడం?” అన్నాడు.

బిడ్డ పోయిన మనిషి ఆ గంటలో నన్ను అడిగింది అదొక్కటే. వస్తానని తల ఊపాను.

విచారణ జరిగింది. ప్రోగ్రామును దేనితో పరీక్షించారని రాతపూర్వకంగా అడిగారు. నా పేరు, మా చెల్లెళ్ల పేర్లు పెట్టుకున్న నాలుగు కాలమ్‌ల పట్టికతో అని రాసిచ్చాను. చదివితే నాకే నవ్వులాట కాగితంలా ఉంది. హెచ్చరికతో వదిలిపెట్టారు. నర్సులను కూడా అడిగారు. కాలమ్ కనబడటం లేదేమిటని ఇద్దరు ముగ్గురికి అనుమానం వచ్చిందట. కొత్త పద్ధతి అనుకున్నారట. తాళంతో, పాస్‌వర్డ్‌తో పెద్దాసుపత్రి నుంచి వచ్చిన కాగితంలో తప్పుంటుందని ఎవరనుకుంటారు? ఆ తర్వాత రిటైరయ్యేదాకా పట్టిక పంపిన ప్రతిసారీ ప్రతి నర్సుకూ ఫోన్ చేసి ఎన్ని కాలమ్‌లు వచ్చాయని అడిగాను. ఏడు అన్నాక గాని ఫోన్ పెట్టలేదు. మూడో మనిషి చూడకూడదన్న నియమాన్ని అలాగే ఉంచి కూడా పేజీ సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవచ్చని, అది ఇంత తేలికని, ముందే ఎందుకు తట్టలేదో నాకు తెలియదు. మీకు తడితే చాలు.

ఆమెను ఇంటికి పంపిన వారం తర్వాత ఊరికి వెళ్లాను. అచ్చంపేట బస్టాండు దగ్గర నర్సమ్మ స్కూటీతో వచ్చింది. ఆ ఊరి వీధిలోకి ఆమె అడుగుపెట్టి అప్పటికి మూడు వారాలు. పోతే ఆడవాళ్లు తలుపులు మూసుకుంటున్నారట. దారిలో ఒక్కసారి మాత్రం, గుంతల దగ్గర, గట్టిగా పట్టుకోండి మేడం అంది.

ఆ భర్త పది పదిహేను మందిని ఇంటి ముందు కూర్చోబెట్టి ఉంచాడు. నేను నిలబడి మొత్తం చెప్పాను. ఈసారి అడ్డం నిలువు చెప్పలేదు. డాక్టరమ్మ రాసిందని, నేను పంపిన కాగితంలో ఆ రాత తెగిపోయిందని, నర్సమ్మకు తెలిసే దారే లేదని చెప్పాను. ముసలామె గడపలో కూర్చుని నన్నే చూస్తోంది.

“పంపేటప్పుడు నీ కాయితం నువ్వు సూస్కోలేదా?” అంది.

“లేదమ్మా,” అన్నాను.

ఇంకేమైనా అంటుందని ఎదురుచూశాను. ఆమె నా మీద నుంచి చూపు తిప్పేసింది. నర్సమ్మ వైపు తిరిగి, పొద్దట్నించి కోడలు తల నొస్తున్నదంటున్నది, జర సూడు బిడ్డా అంది.

నర్సమ్మ సంచి తెరిచి బీపీ మిషను తీసింది. లోపల మంచం మీద ఆ పిల్ల పడుకుని ఉంది, ఇరవై రెండేళ్లుంటాయేమో. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, నర్సమ్మ ముల్లు వైపు చూస్తోంది. నేను వాకిట్లోంచి నర్సమ్మ ముఖం వైపు చూస్తున్నాను. మంచిగనే ఉన్నదని చెప్పి ఆమె అంకె రాసుకుంది. ముసలామె మంచం మీద బట్టలు పక్కకు జరిపి, కూసో అని ఆమెకు చోటిచ్చింది, నీళ్లు తెచ్చి ఇచ్చింది.

నన్నెవరూ కూర్చోమనలేదు. వాళ్లు మాట్లాడుకోవడం అయ్యేదాకా నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను.